తోడికోడలి వాంగ్మూలం

తనిఖీ నివేదిక చివరి పేజీలో ఉన్న సంతకం లాయరుకి బాగా తెలిసినదే. గ్యాసు రసీదుల మీద, కరెంటు బిల్లుల వెనక, ఫ్రిజ్ మీద అంటించే చీటీల కింద రోజూ చూసే సంతకం. మొదటి అక్షరానికి పెద్ద కొమ్ము, చివర చిన్న చుక్క. ఆమె ఆ చుక్క మీద వేలు పెట్టి మళ్ళీ మళ్ళీ చూసింది.

ఎదురుగా కూర్చున్న లాండ్రీ యజమానురాలు టీ గ్లాసు అటూ ఇటూ తిప్పుతోంది. పొద్దస్తమానం ఆవిరి మధ్య తిరిగే మనిషి కాబట్టి ఆమెని అందరూ ఆవిరమ్మ అంటారు. చేతులు మాత్రం ఎప్పుడూ చల్లగా, నానిన కాగితంలా ముడతలు పడి ఉంటాయి.

"ఏంటమ్మా అంతసేపు చూస్తున్నారు? మళ్ళీ ఇంకేమన్నా పన్ను వేశారా?" అంది ఆవిరమ్మ.

"ఈ తనిఖీకి వచ్చినావిడ ఎలా ఉంటారు?"

"పొడుగ్గా ఉంటుంది. మాట తక్కువ. టీ తెప్పిస్తానంటే వద్దంది. కుర్చీ వేస్తే కూర్చోలేదు. నిలబడే అన్నీ రాసుకుంది."

లాయరు నివేదిక మూసేసింది. ఈ కాగితం చేతికి రావడానికే ఇన్నాళ్ళు పట్టింది. పన్ను వేసిన ఆర్డరులో 'తనిఖీ బృందం' అని రాశారే తప్ప పేర్లు లేవు. అప్పీలు వేసి, నివేదిక ఇవ్వండి, తనిఖీ చేసిన అధికారిని ప్రశ్నించడానికి అనుమతి ఇవ్వండి అని ఆమే దరఖాస్తు పెట్టింది. ఈ రోజు రెండూ ఇచ్చారు.

"ఆవిడ మా తోడికోడలు," అంది.

ఆవిరమ్మ గ్లాసు కింద పెట్టింది. "సొంత తోడికోడలా?"

"సొంతమే. మా ఆయన అన్నగారి భార్య. వాళ్ళు పైన, మేం కింద. వంటిల్లు ఒకటే."

"ఓరి నాయనో! మీకిన్నాళ్ళూ తెలీదా?"

"ఆఫీసు సంగతులు ఇంటి గడప దాటి రాకూడదని ముందే అనుకున్నాం. ఆవిడ పన్ను వేసే ఆఫీసు, నేను ఆ పన్ను కొట్టేయించే లాయర్ని. వేరే దారి లేదు మరి." లాయరు కళ్ళజోడు తీసి తుడిచింది. "మీకు అభ్యంతరం ఉంటే వేరే లాయర్ని పెట్టుకోవచ్చు. నేనేమీ అనుకోను. ఉంచుకుంటానంటే, ఈ సంగతి అప్పీలు అధికారికి కూడా ముందే చెప్పేస్తాను."

ఆవిరమ్మ చాలాసేపు ఆలోచించలేదు. "వేరే ఆయన దగ్గరికెళ్తే మళ్ళీ సబ్బు దగ్గర్నుంచి మొదలెట్టాలి. మీకు చెప్పేసరికే నా తల ప్రాణం తోకకొచ్చింది. అయినా ఒకే పొయ్యి దగ్గర మసిలేవాళ్ళకి ఎదుటి మనిషి ఎప్పుడు అబద్ధమాడేదీ ఇట్టే తెలుస్తుంది. మీరే ఉండండి."

గొడవంతా సబ్బు దగ్గరే మొదలైంది. లాండ్రీ ఇంత సబ్బు పొడి కొంది కాబట్టి ఇన్ని బట్టలు ఉతికి ఉండాలి, చూపించింది అందులో సగమే కాబట్టి మిగతా సగం దాచింది, అన్నారు పన్నువాళ్ళు. దాచిందన్న దాని మీద పన్ను, దాని మీద జరిమానా, ఆ జరిమానాకి కారణంగా ఒక మాట: మోసం. బ్యాంకు ఖాతా స్తంభింపజేశారు. పనివాళ్ళకి ఆవిరమ్మ చేబదుళ్ళు తెచ్చి జీతాలిస్తోంది. అదైనా ఎలాగో లాక్కురావచ్చు. కానీ మోసం అన్న మాట కాగితం మీద ఉన్నవాళ్ళు ఆసుపత్రి బట్టలు ఉతికే టెండరు వేయడానికి వీల్లేదు. ఆసుపత్రి పోతే లాండ్రీ లేదు.

"డబ్బు సంగతి తర్వాతమ్మా," అంది ఆవిరమ్మ వెళ్తూ వెళ్తూ. "ఆ మాట ఒక్కటి తీయించండి. మా పనిపిల్లలకి ఆ ఆర్డరు చదివి వినిపించలేక, ఏదో లెక్క తేడా వచ్చిందని చెప్పాను."

మర్నాడు పొద్దున్నే లాయరు లాండ్రీకి వెళ్ళింది. ఇన్నాళ్ళూ కాగితాల మీద చూడటమే కానీ లోపలికి వచ్చింది లేదు. గుమ్మంలోనే కళ్ళజోడు మసకబారిపోయింది. తీసి చేత్తో పట్టుకుంటే పెద్ద పెద్ద యంత్రాలు గుండ్రటి కళ్ళతో తననే చూస్తున్నట్టున్నాయి. ఒక మూల హోటలు దుప్పట్లు కొండలా పడి ఉన్నాయి. వాటిని అలాగే యంత్రంలో కుక్కి, సబ్బు పోసి, మూత బిగించి తిప్పేస్తున్నారు. ఒక్క ఉతుకు, రెండు జాడింపులు, అంతే.

ఆసుపత్రి బట్టలు వేరే గదిలో ఉన్నాయి. చేతులకి మోచేతి దాకా తొడుగులు వేసుకున్న ఇద్దరు ఆడవాళ్ళు మూటలు విప్పి ఒక్కొక్క దుప్పటీ దులుపుతున్నారు. దూది, సూది మూతలు రాలుతున్నాయి, ఒకసారి ఎవరిదో కళ్ళజోడు పెట్టె. రక్తం మరకలున్నవి ఒకవైపు, లేనివి ఒకవైపు వేస్తున్నారు. మరకలున్నవి ముందు చన్నీళ్ళ తొట్టిలో పడుతున్నాయి.

"వేణ్ణీళ్ళు కాదా?" అని అడిగింది లాయరు.

"అమ్మో, వేడి తగిలితే రక్తం పట్టేస్తుంది, ఇంక జన్మలో పోదు," అంది వాళ్ళలో ఒకామె. "ముందు చన్నీళ్ళు. తర్వాత సబ్బు. మళ్ళీ క్రిములు చచ్చే మందు నీళ్ళు, మళ్ళీ సబ్బు. అప్పటికీ వదలకపోతే ఇంకోసారి."

"అంటే హోటలు దుప్పటికి పట్టే సబ్బు కంటే..."

"దానికి గుప్పెడు పడితే దీనికి మూడు గుప్పెళ్ళు."

లాయరు ఆవిరమ్మని పక్కకి పిలిచింది. "తనిఖీకి వచ్చినప్పుడు ఆవిడ ఇదంతా చూశారా?"

"చూళ్ళేదు. ఆ రోజు ఆసుపత్రి బండి ఆలస్యమైంది. సాయంత్రానికి వస్తుందని చెప్పాను. ఆగుతానంది. హోటలు దుప్పట్లు మూడు విడతలు నిలబడి చూసింది, సబ్బు తూకం వేయించుకుంది. తర్వాత ఏమైందో ఏమో, బండి రాకముందే వెళ్ళిపోయింది."

నివేదికలో ఆ ముక్క లేదు. 'ఉతికే విధానాన్ని స్వయంగా పరిశీలించడమైనది' అని మాత్రమే ఉంది. ఒక్క ప్రశ్న చాలు. మీరు చూసిన దుప్పట్లు ఎక్కడివి? ఆ ప్రశ్న అడిగితే సబ్బు లెక్క మొత్తం కూలిపోతుంది, దాంతోపాటు మోసం అన్న మాట కూడా. కూలేది నివేదిక ఒక్కటేనా? రాసిన మనిషి ఏమవుతుంది? లాయరు రోడ్డు మీదికి వచ్చేసింది. తన కారు ఎటువైపు పెట్టిందో గుర్తు రాక ఆ చివరి నుంచి ఈ చివరికి రెండుసార్లు తిరిగింది.

సాయంత్రం ఇంటికి వచ్చేసరికి తోడికోడలు వంటింట్లో చిక్కుడుకాయలు ఒలుస్తోంది. లాయరు కూతురు ఆమె పక్కనే బల్ల మీద మఠం వేసుకుని కూర్చుని, ఒలిచిన గింజల్ని గిన్నెలోకి విసురుతోంది. సగం కింద పడుతున్నాయి.

"సమన్లు అందాయి," అంది తోడికోడలు తలెత్తకుండా.

"అక్కా, నాకు నిన్నటిదాకా తెలీదు. ఒట్టు."

"తెలిస్తే మాత్రం? కేసు తీసుకోవా?"

లాయరు గడప దగ్గరే చేతిసంచీ భుజాన వేసుకుని నిలబడింది. లోపలి గదిలోంచి అత్తగారి గొంతు వినిపించింది. "ఏంటే, ఇద్దరూ ఎదురుబొదురు బోనెక్కుతారటగా? నా కాలంలో తోడికోడళ్ళు గరిటెలతో కొట్టుకునేవాళ్ళు. మీరు కాగితాలతో కొట్టుకుంటారు. చదువుకున్నవాళ్ళు!"

"బోను ఉండదత్తయ్యా. బల్లకి అటొకరు, ఇటొకరు," అంది తోడికోడలు. అని పాపతో, "కింద పడ్డవి ఏరు," అంది.

లాయరు భర్త నవ్వులాటగా తేల్చేద్దామని చూశాడు. "ఎవరు గెలిచినా రెండు రోజులు నాకూ అన్నయ్యకీ కూడు దొరకదు. బయట తినేస్తాంలే." అతను టీవీ పెట్టి, మళ్ళీ తీసేశాడు.

ఆ తర్వాత రెండు రోజులూ లాయరు కాలుగాలిన పిల్లిలా తిరిగింది. ఆఫీసులో కూర్చుంటే లేవాలనిపించేది, లేస్తే ఎక్కడికి వెళ్ళాలో తెలిసేది కాదు. ప్రశ్నలు రాసుకుంది, కొట్టేసింది, వరస మార్చి మళ్ళీ రాసుకుంది. ఆ ఒక్క ప్రశ్నని మొదట పెట్టింది. తర్వాత చివరికి తోసింది. ఇంకొక దారి కూడా ఉంది. సబ్బు పొడి కొన్న బిల్లుల్లో ఒక నెలవి రెండుసార్లు లెక్కేశారు. ఆ పొరపాటు చూపిస్తే పన్ను తగ్గుతుంది. మోసం అన్న మాట పోదు కానీ తగ్గిన పన్నుని గెలుపని చెప్పుకోవచ్చు. ఎవరి పరువూ పోదు. అలా అనుకున్న ప్రతిసారీ చన్నీళ్ళ తొట్టిలో మునుగుతున్న దుప్పట్లు కళ్ళముందు మెదిలేవి.

ఇంట్లో మాత్రం అన్నీ మామూలుగానే జరుగుతున్నాయి. తోడికోడలు పొద్దున్నే పాపకి జడలు వేసింది. లాయరు నల్ల కోటుకి ఊడిపోయిన బొత్తాం కుట్టి కుర్చీకి తగిలించింది. దారాన్ని పంటితో తెంపుతూ, "ఆవగింజంత ఓపిక కూడా లేదు నీకు. బొత్తాం పెట్టుకుంటే మెల్లిగా పెట్టుకోవాలి, లాగకూడదు," అంది. అదే గొంతు, అదే విసుగు. లాయరుకి ఇంకా కష్టంగా అనిపించింది. ఆమె తిట్టి ఉంటే బాగుండేది.

విచారణ గది ఇరుగ్గా ఉంది. బీరువాలు గోడలకి జరిపినా ఫైళ్ళు నేల మీదికి దిగాయి. అప్పీలు అధికారి పెద్దవాడు, ఆవలింత ఆపుకోవడానికి అస్తమానం నీళ్ళు తాగుతాడు. బంధుత్వం సంగతి లాయరు ముందే రాతపూర్వకంగా ఇచ్చింది. ఆయన అది చదివి, పన్ను శాఖ వకీలుని అడిగి, అభ్యంతరం లేదనిపించుకుని ఇద్దరి వైపూ చూశాడు. "ఇక్కడ ఈవిడ అధికారి, మీరు లాయరు. ఇంటికెళ్ళాక మీ ఇష్టం," అన్నాడు.

తోడికోడలు బూడిదరంగు బట్టల్లో నిటారుగా కూర్చుంది. వెనక వరసలో ఆవిరమ్మ, తనతో వచ్చిన పనివాళ్ళిద్దరూ.

"మీరు తనిఖీకి వెళ్ళినప్పుడు సబ్బు తూకం మీ ఎదురుగానే వేశారా?" అని మొదలుపెట్టింది లాయరు.

"వేశారు."

"యంత్రం ఎన్ని విడతలు తిరగడం చూశారు?"

"మూడు."

"కొనుగోలు బిల్లుల లెక్క మీరే వేశారా?"

"లేదు. అది ఆఫీసులో వేశారు."

బిల్లుల పొరపాటు చూపించింది. అధికారి కళ్ళజోడు సవరించుకుని చూసి, శాఖ వకీలుకి చూపించాడు. వకీలు తల గోక్కున్నాడు. పొరపాటు ఒప్పుకున్నారు. ఇంక మిగిలింది ఒక్కటే. లాయరు చేతిలోని కాగితం చివరికంటా చూసింది. ఆ వాక్యం తన దస్తూరీలోనే ఉంది. నోరు తెరిచింది. తోడికోడలు ఆమె వైపే చూస్తోంది. భయం లేదు, బతిమాలడం లేదు. ఎదురుచూస్తోంది, అంతే.

"ఇంక నేను అడగాల్సింది ఏమీ లేదు," అంది లాయరు.

వెనక ఆవిరమ్మ కుర్చీ కిర్రుమంది. అధికారి పెన్ను మూత పెట్టబోయాడు.

"నేనొక మాట చెప్పొచ్చా?" అంది తోడికోడలు.

"ప్రశ్న లేదుగా అమ్మా."

"ఉంది. లాయరుగారు అడగలేదు." ఆమె రెండు చేతులూ బల్ల మీద పెట్టింది. "నేను చూసిన మూడు విడతలూ హోటలు దుప్పట్లే. ఆసుపత్రి బట్టలు ఉతకడం నేను చూడలేదు. బండి సాయంత్రం వస్తుందని లాండ్రీ ఆవిడ చెప్పింది. నేను ఆగకుండా వచ్చేశాను. అన్నిటికీ ఒకటే సబ్బు పడుతుందని నేనెక్కడా రాయలేదు. కానీ కొన్ని చూడలేదని కూడా రాయలేదు. ఆ మాట రాసి ఉంటే ఈ లెక్క ఇలా వేసేవాళ్ళు కాదు."

శాఖ వకీలు లేచి, "ఇది వాంగ్మూలంలో..." అన్నాడు.

"రాసుకోండి," అన్నాడు అధికారి గుమస్తాతో. పెన్ను మూత తీసి తనూ రాసుకున్నాడు. తర్వాత ఆయన తలెత్తి, ఆర్డరు తర్వాత పంపిస్తాననీ, ఈ వాంగ్మూలం మీద మోసం అన్న ఆరోపణ నిలవదనీ, బ్యాంకు ఖాతా ఈ రోజే వదలమని రాస్తున్నాననీ చెప్పాడు.

బయట వరండాలో ఆవిరమ్మ లాయరు చేతులు పట్టుకుంది. "చివర్లో ఎందుకాగిపోయారమ్మా? మీరు చేతులెత్తేశారనుకున్నా. నా గుండె జారిపోయింది," అంది. నిష్ఠూరంగా అనలేదు, తెలుసుకుందామనే అడిగింది. లాయరు చేతులు విడిపించుకుని కాగితాలు సంచీలో పెట్టుకుంది. మెట్ల దగ్గర తోడికోడలు ఒంటరిగా దిగి వెళ్ళిపోతోంది. ఆవిరమ్మ అటు చూసి, వెనకే నాలుగడుగులు వేసి ఆగిపోయింది. కృతజ్ఞత చెప్పాలో వద్దో తేల్చుకోలేక అక్కడే నిలబడింది.

మూడో రోజుకి తోడికోడలికి మెమో వచ్చింది. తనిఖీలో నిర్లక్ష్యం, వాస్తవాలు దాచడం, వారంలోగా సంజాయిషీ ఇవ్వాలి. ఆమె ఆ కాగితాన్ని అన్నం తినే బల్ల మీద పెట్టి, ఎగరకుండా ఉప్పు సీసా పెట్టింది.

"నేను రాస్తానక్కా," అంది లాయరు వెంటనే. "ఇవ్వాళే కూర్చుందాం. ఇలాంటివి నేను..."

"నువ్వొద్దు."

"కోపం వచ్చిందా?"

"వచ్చింది. అడిగినందుకు కాదు, అడగనందుకు." తోడికోడలు గ్లాసులో నీళ్ళు పోసుకుంది కానీ తాగలేదు. "ఎవర్నైనా నిలబెట్టి అడుగుతావు. నా దగ్గరికొచ్చేసరికి జాలి పడ్డావు. ఆ లాండ్రీ ఆవిడ బతుకు అక్కడ వేలాడుతుంటే నా మొహం చూసి ఊరుకున్నావు. నేను అంత చులకనా నీకు? తట్టుకోలేననుకున్నావా?"

"ఇల్లు..."

"ఇల్లు ఒక్క ప్రశ్నకి కూలిపోతే పోనీ. మళ్ళీ కట్టుకుందాం." ఆమె కాగితం మడిచింది. "నన్ను మొహమాటం లేకుండా అడిగేవాళ్ళు కావాలి. అలాంటి లాయరు ఎవరైనా ఉంటే చెప్పు."

లాయరుకి ఒక్కడే తట్టాడు. బార్ అసోసియేషన్‌లో అందరూ ఉరుము అంటారు ఆయన్ని. ఆయన చేతిలో ఆమె రెండుసార్లు ఓడింది. ఆయన పక్క కుర్చీలో కూర్చోవడం కూడా ఆమెకి ఇష్టం ఉండదు. ఫోను చేసి అడిగింది. రమ్మన్నాడు.

ఉరుము ఆఫీసు ప్రింటింగ్ ప్రెస్ మీద ఉంది. కింద యంత్రం ఆడినప్పుడల్లా మెట్లు అదురుతున్నాయి. ఆయన ఇద్దర్నీ చూసి, లాయరుకి బయటి బల్ల చూపించాడు. "మీరక్కడ కూర్చోండమ్మా. మీరు లోపలుంటే ఈవిడ మీ మొహం చూసి జవాబు చెబుతుంది."

గదికి ఉన్నది సగం తలుపే. ఆయన గొంతు దాని మీద నుంచీ కింద నుంచీ వచ్చేస్తోంది. లాయరు లేచి మెట్ల దాకా వెళ్ళింది. దిగిపోదామనుకుని, మళ్ళీ వచ్చి కూర్చుంది.

"బండి ఆలస్యంగా వస్తుందని మీకు తెలుసు?"

"తెలుసు."

"ఆగుతానన్నారు. ఎందుకు ఆగలేదు?"

"పనుండి."

"ఏం పని?"

"ఇంటి పని."

"ఇంటి పనంటే అంట్లు తోముకోవడం కూడా ఇంటి పనే. సంజాయిషీకి అది చాలదు. ఏం పనమ్మా?"

కింద ప్రెస్ ఆగింది. తోడికోడలి గొంతు తగ్గింది కానీ స్పష్టంగానే వినిపిస్తోంది. "బడి నుంచి ఫోనొచ్చింది. పాపకి జ్వరం ఎక్కువగా ఉంది, వాంతులు, వచ్చి తీసుకెళ్ళమన్నారు."

"మీ పాపా?"

"నాకు పిల్లల్లేరు. మా మరిది కూతురు."

"దాని తల్లికి చేయొచ్చుగా?"

"ముందు తనకే చేశారు. కోర్టులో వాయిదా. ఎత్తలేదు."

"మర్నాడు వెళ్ళి చూసి ఉండొచ్చు కదా?"

"జ్వరం తగ్గలేదు. సెలవు పెట్టాను. తిరిగి ఆఫీసుకి వెళ్ళేసరికి నివేదిక కోసం కూర్చుని ఉన్నారు. చూడలేదని రాస్తే ఎందుకు చూడలేదంటారు. డ్యూటీలోంచి చెప్పకుండా వచ్చేశానని రాయాలి. రాయలేకపోయాను. తప్పు నాదే."

లాయరు బల్ల అంచు పట్టుకుంది. ఆ జ్వరం ఆమెకి తెలుసు. ఒకరోజు సాయంత్రం ఇంటికి వచ్చేసరికి పాప తోడికోడలి మంచం మీద పడుకుని ఉంది, నుదుటి మీద తడిగుడ్డ. ఎలా ఉందని అడిగింది. మందు వేశాను, నిద్రపోతోంది, నువ్వు తిని పడుకో, పొద్దున మళ్ళీ కోర్టుంది కదా, అంది ఆమె. తను తిని పడుకుంది. బడి నుంచి ఎవరు తెచ్చారు, ఎప్పుడు తెచ్చారు, ఏ పని వదిలి వెళ్ళారు అని అడగాలని తోచలేదు.

"ఇది చెబితే మీ తప్పు సగం తేలికవుతుంది," అంటున్నాడు ఉరుము. "బడివాళ్ళ దగ్గర రుజువుంటుంది. ఆ తల్లి చేత కూడా ఒక కాగితం రాయిద్దాం."

"వద్దండీ. అది రాయొద్దు."

"ఎందుకు?"

"తను నాలుగు చోట్ల నిలబడి వాదించే మనిషి. బిడ్డకి జ్వరమొస్తే ఫోను ఎత్తలేదని కాగితం మీద ఉండటం బాగుండదు. ఇంకేదైనా రాయండి. లేకపోతే తప్పు ఒప్పుకుంటున్నానని రాసేయండి."

లాయరు లేచి సగం తలుపు తోసింది. తోడికోడలు ఉలిక్కిపడి వెనక్కి తిరిగింది. ఉరుము కనుబొమలు ముడిపడ్డాయి.

"రాయండి," అంది లాయరు. "ఫోను ఎత్తనిది నేనే."

"నిన్ను బయట కూర్చోమన్నారు," అంది తోడికోడలు.

"అక్కా, నువ్వూరుకో."

ఉరుము ఇద్దర్నీ మార్చి మార్చి చూశాడు. కాలితో ఒక కుర్చీని లాయరు వైపు నెట్టాడు. కొత్త కాగితం తీసుకుని, అదే గొంతుతో మొదలుపెట్టాడు.

"కూర్చోండి. పాపకి జ్వరం ఎన్నాళ్ళుంది?"

లాయరు నోరు తెరిచింది. తోడికోడలి వైపు చూసింది.

"ఈవిణ్ణి చూడొద్దు," అన్నాడు ఉరుము. "అడిగింది మిమ్మల్ని."

"నాకు తెలీదు," అంది లాయరు.

ఆయన ఆ మాట కూడా రాసుకున్నాడు.